ఐదు వోల్టులు ఐదేనా? – హైదరాబాదు తొలి మినీకంప్యూటర్ల కథ

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని మన పూర్వ విద్యార్థుల సంఘం మిత్రులు అడిగినప్పుడు బడి జ్ఞాపకాలే రాద్దామనుకున్నాను. కానీ కిందటి కలయికలో విన్న ఒక మాట నన్ను వదలలేదు. మా బ్యాచ్ కంటే పదిహేనేళ్లు చిన్నవాడు, సాఫ్ట్‌వేర్ రంగంలో మంచి స్థాయిలో ఉన్న తమ్ముడు ఒకడు వేదిక మీద మాట్లాడుతూ, "మన నగరానికి కంప్యూటర్ వచ్చింది 1998లో, హైటెక్ సిటీతో" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. తీరా ఇంటికి బయలుదేరి లక్డీకాపూల్ మెట్రో స్టేషన్ మెట్లెక్కుతుంటే మా మేనమామ గుర్తొచ్చాడు. చెయ్యి తప్పుగా చప్పట్లు కొట్టిందనిపించింది.

సైబర్ టవర్స్‌ను అప్పటి ప్రధాని వాజపేయి ప్రారంభించింది 1998 నవంబరు 22న. అది నిజమే. కానీ మా మామయ్య డిప్లొమా పూర్తి చేసి కుషాయిగూడలో కంప్యూటర్ కార్డులు పరీక్షించే బల్ల ముందు కూర్చున్నది 1973లో. అంటే ఈ నగరంలో మనుషులు కంప్యూటర్లను వాడటమే కాదు, తయారు చేయడం కూడా సైబర్ టవర్స్ పునాదిరాయికి చాలా ఏళ్ల ముందే మొదలైంది. ఆ కథను నాకు తెలిసినంతలో, కొంత ప్రాయశ్చిత్తంగా కూడా, ఇక్కడ రాస్తున్నాను.

పేర్లు మిగిలాయి

మన బడి ఉన్న చోటునే చూడండి. లక్డీ అంటే కట్టె, పూల్ అంటే వంతెన. ఇవాళ ఆ చౌరస్తాలో నిలబడితే మెట్రో స్తంభాలు కనిపిస్తాయి, సిగ్నల్ దగ్గర బండ్లు కనిపిస్తాయి, కట్టె వంతెన మాత్రం కనిపించదు. వస్తువు పోయి పేరు మిగిలింది.

నగరానికి ఆ చివర ఇలాంటివే ఇంకో రెండు పేర్లున్నాయి. ఒకటి ఈసీఐఎల్ చౌరస్తా, రెండోది ఏ.ఎస్.రావు నగర్. బస్సు ముందు బోర్డు మీద, ఇల్లు అద్దెకిచ్చే ప్రకటనల్లో ఆ పేర్లు రోజూ చూస్తాం. ఆ రావుగారెవరని మన పిల్లల్ని అడిగితే ఎంతమంది చెప్పగలరు?

అయ్యగారి సాంబశివరావు గారు 1914లో పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టారు. కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో, తర్వాత అమెరికాలో స్టాన్‌ఫర్డ్‌లో చదివారు. హోమీ భాభా దగ్గర చేరి, ట్రాంబేలోని అణుశక్తి సంస్థలో ఎలక్ట్రానిక్స్ విభాగాన్ని పెంచి పెద్ద చేశారు. అణు రియాక్టర్‌కు కావలసిన కొలత పరికరాలను బయట కొనకుండా మనమే చేసుకోవాలన్నది ఆయన పట్టుదల. 1967 ఏప్రిల్ 11న అణుశక్తి శాఖ కింద హైదరాబాదులో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా లిమిటెడ్, అంటే మన ఈసీఐఎల్, మొదలైనప్పుడు దాని సారథి ఆయనే. ప్రభుత్వం ఆయనను పద్మశ్రీతో, తర్వాత పద్మభూషణ్‌తో గౌరవించింది. 2003లో కన్నుమూశారు.

యుద్ధాల నీడలో

కంప్యూటర్ కథ చెబుతానని అణుశక్తి దగ్గరికి వెళ్లాడేమిటి అనుకోవద్దు. మినీకంప్యూటర్ అనే వస్తువు ఎక్కడ చూసినా రక్షణ అవసరాల నీడలోనే మొలకెత్తింది.

అమెరికాలో ఎంఐటీ సంస్థకు లింకన్ లేబొరేటరీ అని ఒక రక్షణ పరిశోధనాలయం ఉంది. శత్రు విమానాలను రాడార్లతో కనిపెట్టి, ఆ సమాచారాన్ని క్షణాల్లో లెక్కగట్టే వ్యవస్థ కోసం అక్కడ 1950లలో పనిచేశారు. వాల్వులకు బదులు ట్రాన్సిస్టర్లతో చిన్న కంప్యూటర్లు చేయవచ్చని అక్కడి ఇంజనీర్లు చేసి చూపించారు. వారిలో ఒకరైన కెన్ ఓల్సెన్ 1957లో సహచరుడితో కలిసి బయటికి వచ్చి డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ పెట్టారు. 1965లో ఆ కంపెనీ తెచ్చిన పీడీపీ-8 ధర 18,000 డాలర్లు. గది నిండా ఉండే యంత్రం బీరువా అంతకు తగ్గింది. మినీకంప్యూటర్ అన్న మాట లోకంలో స్థిరపడింది ఆ తరం యంత్రాలతోనే.

మన దగ్గర సంగతి వేరు. బొంబాయిలో టాటా ఇన్‌స్టిట్యూట్ శాస్త్రజ్ఞులు టిఫ్రాక్ అనే వాల్వుల కంప్యూటర్‌ను 1960 నాటికే పనిచేయించారు. చేయగలమని తేలింది గానీ, పదిమందికి సరిపడా తయారు చేసే కర్మాగారం లేదు. అంతలో 1962 చైనా యుద్ధం వచ్చింది. కొండల్లో మన సైనికుల దగ్గర సరైన వైర్‌లెస్ సెట్లు కూడా లేవన్న నిజం దేశాన్ని కలచివేసింది. 1963లో భాభా అధ్యక్షతన ఎలక్ట్రానిక్స్ కమిటీ వేశారు. 1965 పాకిస్తాన్ యుద్ధంలో అమెరికా ఆయుధ సరఫరా నిలిపేయడంతో ఇంకో పాఠం నేర్చుకున్నాం: కొన్న పరికరానికి విడిభాగం దొరకకపోతే అది ఇనుప డబ్బాతో సమానం. పదేళ్లలో ఎలక్ట్రానిక్స్‌లో మన కాళ్ల మీద మనం నిలబడాలని ఆ కమిటీ చెప్పింది. నివేదిక వెలువడిన 1966లోనే, జనవరి 24న, భాభా విమాన ప్రమాదంలో పోయారు. ఆయన అనుకున్న దారిలో మరుసటి ఏడాది పుట్టింది ఈసీఐఎల్.

అదే దశాబ్దంలో రక్షణ శాఖ కూడా హైదరాబాదునే ఎంచుకుంది. క్షిపణుల ప్రయోగశాల డీఆర్‌డీఎల్, ఎలక్ట్రానిక్ యుద్ధతంత్రాల ప్రయోగశాల డీఎల్ఆర్ఎల్ రెండూ 1960ల మొదట్లోనే ఇక్కడ వెలిశాయి. నగరానికి దక్షిణాన క్షిపణులు, ఈశాన్యాన కంప్యూటర్లు. మధ్యలో మనం లక్డీకాపూల్‌లో ఎక్కాలు వల్లెవేస్తూ ఉన్నాం.

నాలుగు వేల తొంభై ఆరు గళ్లు

ట్రాంబే డిజిటల్ కంప్యూటర్ అన్న ఇంగ్లీషు పేరుకు పొడి అక్షరాలు టీడీసీ. దాని పక్కన 12 అంటే ఒక్కో పదానికి 12 బిట్లు. టీడీసీ-12ను ట్రాంబేలో రూపొందించారు. 1969లో అది సిద్ధమైంది. విదేశీ కంపెనీ లైసెన్సు కొనుక్కుని బిగించిన యంత్రం కాదది. అమ్మకానికి తయారీ ఈసీఐఎల్ బాధ్యత అయింది. ట్రాంబేలో పనిచేసిన నైపుణ్యం హైదరాబాదుకు తరలింది.

ఆ తరం యంత్రం లోపల ఏముండేదో కాస్త చెప్పనివ్వండి. మన లెక్కల మాస్టారు వింటే సంతోషిస్తారు. 12 బిట్లతో 4096 సంఖ్యలు రాయవచ్చు. కాబట్టి 12 బిట్ల యంత్రం తేలిగ్గా పిలవగలిగే జ్ఞాపకపు గళ్లు కూడా 4096. ఒక్కో గడిలో 12 బిట్లు. మొత్తం 49,152 బిట్లు. ఇవాళ మన ఫోన్‌లో ఒక చిన్న ఫొటోకు కూడా అది చాలదు.

ఆ ప్రతి బిట్‌కూ ఒక ఫెరైట్ పూస ఉండేది. ఆవగింజకు కాస్త అటూ ఇటూగా ఉండే అయస్కాంత ఉంగరం అనుకోండి. అడ్డం నిలువుగా సాగే సన్నని తీగలు దాని గుండా వెళ్తాయి. కరెంటు ఒక దిశలో పంపితే ఉంగరం ఒక వైపు అయస్కాంతమవుతుంది, అది 1. ఎదురు దిశలో పంపితే 0. ఒక్క తీగలో పంపే కరెంటు ఉంగరాన్ని తిప్పడానికి సగమే సరిపోతుంది. అడ్డం తీగ, నిలువు తీగ రెండూ కలిసే చోట ఉన్న ఒక్క ఉంగరమే తిరుగుతుంది. అంటే 64 అడ్డం, 64 నిలువు తీగలతో 4096 ఉంగరాల్లో కావలసినదాన్ని పట్టుకోవచ్చు. కరెంటు పోయినా గుర్తు చెరగదు. లోకంలో ఎక్కడైనా ఈ పూసల పలకలను ఎక్కువగా చేత్తోనే అల్లేవారు. మగ్గం మీద చీర నేసినంత ఓపిక కావాలి.

మానిటర్ లేదు, మౌస్ లేదు. ఆ తరం మినీకంప్యూటర్‌కు ముందు భాగంలో స్విచ్చుల వరుస, దీపాల వరుస ఉండేవి. పొద్దున్నే యంత్రాన్ని లేపాలంటే మొదటి కొన్ని ఆదేశాలను స్విచ్చులు పైకీ కిందికీ అంటూ చేత్తో ఎక్కించాలి. ఆ తర్వాత అది చిల్లుల కాగితపు టేపును చదవడం మొదలుపెడుతుంది. మామయ్యకు ఆ స్విచ్చుల వరస పదవీ విరమణ దాకా కంఠతా ఉండేది. ఆదివారం మా ఇంటికి వస్తే మా అమ్మ ముందు బల్ల మీద వేళ్లతో వాయించి చూపించేవాడు. అమ్మ నవ్వి, "తమ్ముడూ, తబలా నేర్చుకున్నవా?" అనేది.

ఎక్కడెక్కడ పనిచేశాయి

1974లో టీడీసీ-312, ఆ మరుసటి ఏడాది 16 బిట్ల టీడీసీ-316 వచ్చాయి. 312 ముఖ్యంగా కర్మాగారాల్లో, ప్రయోగశాలల్లో యంత్రాలను కనిపెట్టుకుని ఉండటానికి. 316 పెద్ద లెక్కలకు కూడా పనికొచ్చేది. ఉష్ణోగ్రత ఎంత, పీడనం ఎంత, ఏ వాల్వు తెరుచుకుంది అని క్షణక్షణం అడిగి రాసుకోవడం వీటి పని. గుమాస్తా జీతాల పట్టీలు వేసే కంప్యూటర్ వేరు, రియాక్టర్ పక్కన కాపలా కాసే కంప్యూటర్ వేరు. మొదటిది ఆగితే జీతం ఒకరోజు ఆలస్యం. రెండోది ఆగితే ఏమవుతుందో ఊహించుకోండి.

కల్పాక్కంలో 1985 అక్టోబరులో మేల్కొన్న ఫాస్ట్ బ్రీడర్ టెస్ట్ రియాక్టర్‌లో సమాచారం సేకరించడానికి పెట్టినవి 316లే. వాయుసేన గగనతల రక్షణ వ్యవస్థ కోసం కూడా ఈ యంత్రాలనే తీసుకున్నారు. లింకన్ లేబొరేటరీలో ఏ అవసరం నుంచి ఈ జాతి యంత్రాలు పుట్టాయో, అదే అవసరానికి మన నగరంలో చేసిన యంత్రం చేరింది.

లెక్క ఎక్కడ తప్పింది

ఇంతవరకు చదివితే అంతా విజయగాథలా ఉంటుంది. అలా రాసి ఊరుకుంటే అబద్ధమవుతుంది. బజారులో ఈ యంత్రాలు ఓడిపోయాయి.

1970లలో దేశంలో పెద్ద కంప్యూటర్లంటే ఐబీఎం అద్దెకిచ్చినవే. 1959 నాటి 1401 రకం యంత్రాలను బాగుచేసి ఇక్కడ ఏళ్లతరబడి తిప్పారు. విదేశీ మారకపు చట్టం కింద వాటా తగ్గించుకోమంటే ఒప్పుకోక ఐబీఎం 1978లో వెళ్లిపోయింది. ఆ కాళీ ఈసీఐఎల్‌కు దక్కాల్సింది. దక్కలేదు. కారణాలు ఒకటి కాదు. చిప్పులు బయటినుంచే రావాలి, వాటి మీద సుంకం. తయారయ్యే యంత్రాల సంఖ్య తక్కువ కాబట్టి ఒక్కోదాని ఖర్చు ఎక్కువ. సంస్థ గమనం అణుశక్తి, రక్షణ అవసరాల మీద. బ్యాంకువాడికి, మిల్లువాడికి కావలసిన తేలికపాటి ప్రోగ్రాముల మీద కాదు. అన్నిటికంటే పెద్ద దెబ్బ మైక్రోప్రాసెసర్. 1971లో ఇంటెల్ తొలి మైక్రోప్రాసెసర్ తెచ్చాక, నాలుగు పలకల నిండా ఐసీలు పరిచి చేసే పనిని గోరంత చిప్పు చేయసాగింది. 1970ల చివర్లో ప్రైవేటు కంపెనీలకు అనుమతులు రాగానే హెచ్‌సీఎల్, డీసీఎం వంటివి ఆ చిప్పులతో చౌకగా యంత్రాలు దించాయి. ఈసీఐఎల్ కూడా మైక్రో-78 తెచ్చింది గానీ, అప్పటికి పరుగుపందెంలో ఇంకొకరు ముందున్నారు.

స్వావలంబనకు ధర ఉంటుంది. ఆ ధర కొంత మనం ఎక్కువగానే కట్టామని నా అభిప్రాయం. పోటీ లేని చోట పదును తగ్గుతుంది. కొనేవాడు ఏం కోరుతున్నాడో వినే అలవాటు పోతుంది. ఇది ఒప్పుకోకుండా ఆ తరాన్ని పొగడడం వాళ్లకు గౌరవం కాదు.

గడియారం, చక్రాలు

1990 దసరా. నేను ఇంజనీరింగ్ మూడో ఏడు. ఇంగ్లీషు పుస్తకాలు నాలుగు చదివిన పొగరు నిండుగా ఉంది. కుషాయిగూడలో మామయ్య ఇంట్లో అందరూ భోజనాలకు కూర్చున్నారు. పీడీపీ-8కి 12 బిట్లు, టీడీసీ-12కి 12 బిట్లు. పీడీపీ-11కి 16, టీడీసీ-316కి 16. నేను కొత్తగా కనిపెట్టినట్టు, "మామా, మీరు చేసింది అమెరికా మిషన్లకు కాపీయే కదా, అదీ అమ్ముడుపోలేదు" అన్నాను. విస్తళ్ల ముందు అందరూ నిశ్శబ్దమైపోయారు. అత్తయ్య పులిహోర గిన్నె పట్టుకుని అలాగే నిలబడింది.

మామయ్య కోప్పడలేదు. "చూసి రాయాల్నంటే ముందర పుస్తకం ఉండాలె గద అల్లుడూ. మాకు గడియారం బయటికెల్లే కనపడ్డది. లోపలి చక్రాలు ఎవ్వలూ ఇయ్యలే. మేమే చేసుకున్నం" అన్నాడు. అన్నం కలుపుకున్నాడు. ఆ మాట బరువు నాకు అప్పుడు తెలియలేదు.

ఆరేళ్ల తర్వాత తెలిసింది. 1996లో నేను నగర శివారులో ఒక కర్మాగారంలో నిర్వహణ ఇంజనీరుని. విదేశీ నియంత్రణ కంప్యూటర్ ఒకటి మూడు రోజులుగా మధ్యాహ్నం పూట ఉన్నట్టుండి ఆగి, తనంతట తాను మళ్లీ మొదలవుతోంది. ప్రోగ్రాము మొత్తం వెతికాం. తప్పు లేదు. ప్రాసెసర్ కార్డు మార్చాలి, తెప్పించడానికి ఆరు వారాలు, ఖర్చు లక్షల్లో అన్నారు అమ్మినవారు. రాత్రి పదింటికి ఎస్టీడీ బూత్ నుంచి మామయ్యకు ఫోన్ చేశాను. అంతా విని ఒక్క ప్రశ్న వేశాడు.

"ఐదు వోల్టులు ఐదేనా?"

మల్టీమీటర్‌తో చూశాం, సరిగ్గా ఐదుంది అన్నాను.

"మీటరు సరాసరి చెప్తది. స్కోపు పెట్టి చూడు. పెద్ద మోటరు చాలైనప్పుడు చూడు."

తెల్లారి ఆసిల్లోస్కోప్ పెట్టాం. ఆ తరం ఐసీలకు కావలసింది 4.75 నుంచి 5.25 వోల్టుల మధ్య. మధ్యాహ్నం షిఫ్టులో పెద్ద మోటారు నడిచిన ప్రతిసారీ ఐదు వోల్టుల గీత రెప్పపాటు నాలుగున్నరకు జారుతోంది. పవర్ సప్లైలో కెపాసిటర్లు ఎండిపోయాయి. కోఠి గుజరాతీ గల్లీలో రెండు వందల రూపాయల లోపు కెపాసిటర్లు కొని బిగించాం. యంత్రం మళ్లీ ఆగలేదు. నా ఉద్యోగంలో నాకు తొలి మంచి పేరు తెచ్చింది ఆ పనే. కర్మాగారంలో ఎవరికీ మామయ్య పేరు తెలియదు. నేను చెప్పనూ లేదు.

గడియారం లోపలి చక్రాలు చేసుకున్నవాడికే తెలిసే సంగతి అది. ఒక్క చోట కాదు, వేలాది కార్డులు పరీక్షించి వేళ్లలోకి ఎక్కించుకున్న జ్ఞానం. టీడీసీ యంత్రాలు మ్యూజియం వస్తువులయ్యాయి. వాటిని చేసిన క్రమంలో తయారైన మనుషులు మాత్రం ఈ నగరమంతటా పరుచుకున్నారు. బజారు లెక్కలో వాళ్లు కనిపించరు.

చక్రాలు ఎటు దొర్లాయి

ఆ నైపుణ్యం ఎక్కడెక్కడ పనికొచ్చిందో రెండు ఉదాహరణలు చెబుతాను. 1979లో ఈసీఐఎల్ ఎలక్ట్రానిక్ ఓటింగ్ యంత్రం నమూనా చేసింది. ఎన్నికల సంఘం దాన్ని 1980 ఆగస్టు 6న రాజకీయ పార్టీలకు చూపించింది. ఇవాళ దేశంలో ఓటేసే ప్రతి ఒక్కరూ ముట్టుకునే యంత్రాన్ని ఈసీఐఎల్, బెంగళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ కలిసి చేస్తున్నాయి. ఎండలో, దుమ్ములో, బ్యాటరీ మీద, చదువురాని చేతుల్లో తప్పు చేయకుండా పనిచేయాలన్న షరతు రియాక్టర్ గది షరతు కంటే తక్కువదేమీ కాదు.

రెండోది రక్షణ పరిశోధన వైపు. క్షిపణి ఆకారం మీద గాలి ఎలా ప్రవహిస్తుందో లెక్కగట్టడానికి పెద్ద కంప్యూటర్లు కావాలి. అలాంటివి మనకు అమ్మడానికి విదేశాలు వెనుకాడిన రోజులవి. డీఆర్‌డీవో 1988లో హైదరాబాదులో అనురాగ్ అనే ప్రయోగశాల పెట్టింది. అక్కడివాళ్లు బజారులో దొరికే మామూలు మైక్రోప్రాసెసర్లను అనేకం జతచేసి, పనిని పంచి, పేస్ అనే సమాంతర కంప్యూటర్ చేశారు. 1962, 1965 నేర్పిన పాఠమే, కొత్త తరం చేతుల్లో.

ఇవాళ మన బడి నుంచి మూడు మెట్రో స్టేషన్లు దాటి వెళ్తే అమీర్‌పేట. మైత్రీవనం చుట్టూ కోర్సుల బ్యానర్లు, మెట్ల మీద కూర్చుని నోట్సు తిరగేసే పిల్లలు. వాళ్లను తక్కువ చేయను. మన బడి పిల్లలు ఎందరో ఆ మెట్లెక్కే అమెరికా దాకా వెళ్లి, తల్లిదండ్రులకు ఇళ్లు కట్టించారు. కానీ యంత్రాన్ని నడపడం ఒక విద్య, విప్పి బాగుచేయడం ఇంకో విద్య, లేనిదాన్ని చేయడం మూడో విద్య. మూడూ ఈ నగరంలో ఉన్నాయి. మొదటిదాని పేరే వినిపిస్తోంది.

మామయ్య రెండేళ్ల కిందట పోయాడు. దసరా నాటి మాటకు క్షమించమని అడుగుదామని ఎన్నోసార్లు అనుకున్నాను. అడిగితే నవ్వి తీసేస్తాడని వాయిదా వేశాను. అడగలేదు.

మిత్రులకు, గురువులకు ఒక్క మనవి. మన బ్యాచ్‌లలో ఈసీఐఎల్, డీఆర్‌డీఎల్, డీఎల్ఆర్ఎల్‌లలో పనిచేసిన తండ్రులు, మేనమామలు, బాబాయిలు ఉన్నవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ పెద్దలు ఇప్పుడు డెబ్భైలు, ఎనభైలు దాటుతున్నారు. రహస్యాలు అడగనక్కర్లేదు. మొదటి రోజు ఏ బల్ల ముందు కూర్చున్నారు, చేతికి ఏ పనిముట్టు ఇచ్చారు, ఏ తప్పు దొరక్క ఎన్ని రాత్రులు మేల్కొన్నారు – ఇవి అడగండి, ఫోన్‌లో రికార్డు చేయండి. సంఘం ఒప్పుకుంటే అవన్నీ చేర్చి బడి గ్రంథాలయంలో పెడదాం. రాసే బాధ్యత నేను తీసుకుంటాను. వేదిక మీద మాట్లాడిన ఆ తమ్ముణ్ణి కూడా తోడు రమ్మని అడిగాను. వస్తానన్నాడు.